తనిఖీ దుప్పట్లు

మా పక్క వాటాలో ఉండే ఆయనను ఆఫీసులో అందరూ తాబేలు అంటారు. ముఖం మీద అనరు గాని ఆయనకు తెలుసు. ఆ మాట నాతో చెప్పినప్పుడు కోపం కూడా పడలేదు. "తాబేలన్నాక వీపు మీద డిప్ప ఉన్నట్టే కదండీ. ఎన్ని రాళ్ళు పడ్డా లోపలికి దిగవు," అన్నాడు. దిగవని ఆయన అనుకోవడమే. ఒక్క మనిషి విసిరితే మాత్రం గులకరాయి కూడా డిప్ప దాటి లోపలికి పోయేది. ఆ మనిషి ఆయన తోడల్లుడు.

ఇద్దరిదీ ఒకే వృత్తి కావడంతోనే వచ్చింది చిక్కంతా. ఒకరు డాక్టరూ, ఇంకొకరు వడ్రంగీ అయి ఉంటే పోల్చి చూడడానికి కొలబద్ద దొరికేది కాదు. ఇద్దరూ ఫండ్ మేనేజర్లే, చెరొక కంపెనీలో. ఎంతోమంది తలా కొంత డబ్బు తెచ్చి ఒక సంచిలో పోస్తారు. ఆ సంచి పట్టుకున్న మనిషి దానితో ముప్పై నలభై కంపెనీల షేర్లు కొని, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసుకుంటూ ఉంటాడు. సంచి బరువు పెరిగితే అందరికీ లాభం, తగ్గితే తిట్లన్నీ ఒక్కడికి. ఇదంతా నాకు ఆయన చెప్పిందే. రోజూ ఉదయం ఇద్దరం పార్కు చుట్టూ మూడు చుట్లు నడుస్తాం. మొదటి చుట్టు మోకాళ్ళ నొప్పులకు, రెండోది లోకం పోకడకు, మూడోది తోడల్లుడికి.

ఆయన తండ్రి టైపు మిషన్లు బాగు చేసేవాడట. ఊరంతటికీ ఆయనే. ఒక పదేళ్ళలో టైపు మిషన్లు లేకుండా పోయాయి, తండ్రి మాత్రం స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకునే తిరిగేవాడు. "అందుకే నాకు తళుకులంటే భయమండీ," అనేవాడు. "రేపు కూడా అవసరం పడే వస్తువు ఏదో, అది చూస్తాను నేను." ఫండు కంపెనీలో దరఖాస్తులు మడతపెట్టి కవర్లలో పెట్టే పనితో చేరి, పరీక్షలు ఒక్కొక్కటే రాసి, పదకొండో ఏట సంచి చేతికి తెచ్చుకున్నాడు. ఆ సంచి పట్టుకుని మరో పదకొండేళ్ళు. తోడల్లుడు పెద్ద కాలేజీ నుంచి తిన్నగా వచ్చి తిన్నగా కుర్చీలో కూర్చున్నాడు. అతని సంచి ఈయనదానికి రెట్టింపు. అతను నవ్వితే పక్క గది వాళ్ళకు కూడా నవ్వొస్తుంది. నలభై రెండేళ్ళు వచ్చినా ఒక్క వెంట్రుక రాలలేదు.

"జుట్టు సంగతి కూడా ఎందుకండీ?" అన్నాను ఒకసారి.

"మీకేం, మీరు చూళ్ళేదు," అన్నాడు.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక తెల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. మందు సీసా మూత. ఆరేళ్ళ క్రితం ఆ మూతలు చేసే కంపెనీని స్వయంగా వెళ్ళి చూసి వచ్చాడు. సీసాలో మందు పోసినా, నూనె పోసినా, సిరా పోసినా పైన మూత పెట్టక తప్పదు. ఎవరూ పట్టించుకోని కంపెనీ. షేరు ఏడాదికి ఒక మెట్టు ఎక్కి, అక్కడే కూర్చుని ఆయాసం తీర్చుకునేది. ఆయన దాన్ని కొని, మళ్ళీ కొని, తన సంచిలో అన్నిటికన్నా పెద్ద మూటగా పెట్టుకున్నాడు. ఏదైనా ఆలోచించేటప్పుడు ఆ మూతను వేళ్ళ మధ్య తిప్పుతాడు. తోడల్లుడి సంగతి వచ్చినప్పుడు సీసాకు పెట్టినట్టు బొటనవేలి మీద బిగిస్తాడు.

ఇక అత్తగారు. ఆవిడ పెద్దాసుపత్రిలో దుప్పట్ల గది చూసుకునేది, ముప్పై ఒక్క ఏళ్ళు. ఏ వార్డుకు ఎన్ని వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఏది చిరిగింది, ఏది చాకలి దగ్గర ఆగింది, అన్నీ నోటికి చెప్పేది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును సరిగ్గా రెండు సగాలు చేసి, ఒక సగం పెద్దల్లుడి ఫండులో, ఒక సగం చిన్నల్లుడి ఫండులో వేసింది. "ఇద్దరూ నాకు రెండు కళ్ళు," అనేది. ఆవిడకు ఒక కంట్లో శుక్లం ఉందనీ, అది ఏ కన్నో చెప్పలేదనీ తాబేలు అనుమానం.

మూడు నెలలకోసారి ఇద్దరి కంపెనీల నుంచీ చిన్న పుస్తకాలు వస్తాయి. మూడు నెలల ఆఖరి రోజున సంచిలో ఉన్న పెద్ద మూటలు పది, వాటి పేర్లు, సంచి ఎంత పెరిగింది, అన్నీ అందులో ఉంటాయి. అవి వచ్చాక ఒక ఆదివారం రెండు కుటుంబాలూ అత్తగారింట్లో భోజనం చేయడం రివాజు. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని భూతద్దంతో రెండు పుస్తకాలూ చదువుతుంది. ఆ భూతద్దం పెద్దకూతురు, అంటే తాబేలు భార్య, తెచ్చిచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. చదవడం అయ్యాక ఆవిడ కళ్ళద్దాల పెట్టె ఒక పుస్తకం మీద పెడుతుంది. ఏ పుస్తకం మీద పెట్టిందో తాబేలు చూసుకుంటాడు. ఎనిమిదేళ్ళలో తన పుస్తకం మీద పద్నాలుగుసార్లు, అతని పుస్తకం మీద పద్దెనిమిదిసార్లు.

"లెక్క పెట్టారా?" అన్నాను.

"పెట్టలేదండీ. గుర్తుంది, అంతే."

తోడల్లుడి పుస్తకం ఆయన కూడా తెప్పించుకునేవాడు. ఆఫీసులో చదివితే జనం చూస్తారని, ఇంట్లో చదివితే భార్య నవ్వుతుందని బాత్రూంలో చదివేవాడు. తన పెళ్ళిరోజు ఏడాదికోసారి మరిచిపోయే మనిషి, అతని ఫండు ఏ మూడు నెలల్లో ఎంత పెరిగిందో చుక్క తర్వాత రెండంకెల దాకా చెప్పేవాడు. భార్య బయట నుంచి తలుపు కొట్టేది. "ఏవండీ, లోపల మీరొక్కరేనా, మా చెల్లెలి మొగుడు కూడా ఉన్నాడా?"

ఆ పుస్తకంలో తళతళలాడే పేర్లే ఉండేవి. ఏ మూడు నెలల్లో ఏది బాగా పెరిగితే సరిగ్గా అదే ఉండేది. తాబేలుకు ఒళ్ళు మండేది అక్కడే. "అంత తెలివి ఒక్క మనిషికి ఉండదండీ. ఇది ముస్తాబు," అనేవాడు.

ముస్తాబు అంటే ఏమిటో చెప్పమన్నాను. ఆ పూట మూడో చుట్టు నాలుగో చుట్టయింది. పుస్తకంలో కనిపించేది ఆఖరి రోజు సంచి ఒక్కటే. ముందు ఎనభై తొమ్మిది రోజులూ అందులో ఏముందో చదివేవాళ్ళకు తెలియదు. అందుకని ఆఖరి వారంలో కొందరు పడిపోయినవీ, చూడ్డానికి బాగుండనివీ అమ్మేసి, అప్పటికే బాగా పెరిగినవి కొని పెట్టుకుంటారు. పెరిగిన లాభం వీళ్ళకు రాదు, పెరిగాక కొన్నవే కదా. కానీ పుస్తకంలో పేరు పడుతుంది. చూసినవాళ్ళు అబ్బ, ఎంత ముందుచూపో అనుకుంటారు. పుస్తకం అచ్చయ్యాక కొన్ని మళ్ళీ మారతాయి. అమ్మడానికీ కొనడానికీ అయ్యే ఖర్చు సంచిలోంచే పోతుంది. ఆ వారానికి ఆఫీసుల్లో ముస్తాబు వారం అనే పేరు. పదకొండేళ్ళుగా ఆ వారంలో తాబేలు మాత్రం టీ తాగడానికి బయటికి వెళ్ళేవాడు. "నా సంచికి పౌడరు అక్కర్లేదు," అని ఆఫీసులో ఒక మాట అని మరీ వెళ్ళేవాడు.

అలాంటి మనిషి కూడా ఒకసారి పౌడరు పూశాడు.

కారణం అత్తగారన్న మాట. ఒక ఆదివారం టీ కప్పులు తీసేశాక ఆవిడ ఇద్దరల్లుళ్ళనూ చూసి, "నాకు ఓపిక తగ్గిపోతోంది నాయనా. రెండు పుస్తకాలు, రెండు సంతకాలు, ఇద్దరు గుమాస్తాల ఫోన్లు. ఈసారి పుస్తకాలు రానీయండి. చూసి, మొత్తం ఒక్కచోటే వేసేస్తాను," అంది.

తోడల్లుడే ముందు నవ్వాడు. "అత్తయ్యా, ఇది స్వయంవరమా?"

"మూతి కడుక్కుని రా, అప్పుడు చెప్తాను," అందావిడ. అందరూ నవ్వారు. తాబేలు కూడా నవ్వానని చెప్పాడు గాని, జేబులో మూత బిగుస్తూనే ఉండి ఉంటుంది.

ఆ డబ్బు ఆయన సంచిలో చెంచాడు. పోయినా తెలియదు, వచ్చినా తెలియదు. అయినా ఆయనకు ఇంకేదీ కనిపించలేదు. మామగారు పోయిన ఏడాది ఆ ఇంటి కాగితాలన్నీ తిరిగి తిరిగి సరిచేసింది తను. ఆవిడ కాలు విరిగితే రెండు నెలలు ఆసుపత్రికి తిప్పింది తను. ఆ రోజుల్లో చిన్నల్లుడు ఒక పూట వచ్చి నాలుగు జోకులు చెప్పి వెళితే, "ఇవాళ నొప్పే తెలియలేదురా దేవుడా," అందట ఆవిడ. తొమ్మిదేళ్ళ నాటి మాట. ఆయన నాకు నిన్న అన్నట్టు చెప్పాడు.

ఆ మూడు నెలలు తాబేలుకు కలిసి రాలేదు. సంచి రెండు శాతం పెరిగింది. మూతల షేరు కదల్లేదు. బయట మాత్రం మూడు కంపెనీలు రెక్కలు కట్టుకుని ఎగిరాయి. బ్యాటరీలు చేసేదొకటి, మందులు ఇంటికి పంపేదొకటి, కెమెరా అద్దాలు చేసేదొకటి. మూడూ నలభై శాతం దాకా పెరిగాయి. తోడల్లుడి పుస్తకంలో అవి ఉండి తీరతాయని ఆయనకు తెలుసు. పక్కన తన పుస్తకం, మూతలు మొదటి వరసలో పెట్టుకుని, ఎలా కనిపిస్తుందో కూడా తెలుసు.

ముస్తాబు వారం మొదటి రోజు టీకి వెళ్ళలేదు. రెండో రోజు కూడా వెళ్ళలేదు. మూడో రోజు మధ్యాహ్నం డీలరమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ ఆర్డర్లు బజారులో పెట్టే మనిషి, ఆరు తెరల ముందు కూర్చుని ఇంటిపనీ కూరగాయలూ కూడా ఫోన్లో చక్కబెట్టగలదు. ఆయన చీటీ ఇచ్చాడు. ఆవిడ చదివి, చీటీ తిప్పి వెనక ఏమైనా ఉందా అని చూసింది.

"మూతలు మొత్తమా సార్?"

"మొత్తం."

"ఆరేళ్ళ కాపురం సార్."

"కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంటుందిలే అమ్మా."

"పుస్తకం అచ్చయ్యేదాకానా?" అంది ఆవిడ తెర మీంచి కళ్ళు తీయకుండా. "పంపేటప్పుడు ఒక ధర, తెచ్చుకునేటప్పుడు ఇంకో ధర ఉంటుంది సార్. మీరే చెప్పేవారు మాకు."

"నేను చాలా చెప్తూ ఉంటాను."

ఎవరూ కొనని షేరు అది. ఒకేసారి అంత అమ్మకానికి పెడితే ధర జారుతుంది. జారింది. ఒక రోజు నాలుగు శాతం, మర్నాడు అయిదు. అయినా పెట్టినదంతా ఎవరో తీసుకుంటూనే ఉన్నారు. "అడుగున ఎవరో బుట్ట పట్టుకు కూర్చున్నారు సార్. రాలిన కాయ రాలినట్టే పట్టేస్తున్నారు," అంది డీలరమ్మ. ఆయన ఆ మాట సరిగా వినలేదు. వచ్చిన డబ్బుతో బ్యాటరీలూ, మందులూ, కెమెరా అద్దాలూ కొనిపించాడు. ఇవి ఆ రోజుకు కొండెక్కి కూర్చుని ఉన్నాయి. కిందకు అమ్మి పైకి కొన్నాడన్నమాట. "నా చిన్నప్పుడు మా నాన్న మిషన్ విప్పి మళ్ళీ బిగిస్తే ఒక స్క్రూ మిగిలేదండీ. ఆ సాయంత్రం నాకు అలా ఉంది," అన్నాడు.

పుస్తకం వచ్చినప్పుడు మాత్రం ఆయనకు బాగుంది. అది దాచుకోలేదు. మొదటిసారి తన పుస్తకం తోడల్లుడి పుస్తకంలా ఉంది. బాత్రూంలోకి తన పుస్తకమే తీసుకెళ్ళి చదువుకున్నాడట.

ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాయి. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని మొదట చిన్నల్లుడి పుస్తకం చదివింది. ఎప్పటిలాగే తళతళలు. బ్యాటరీలు ఉన్నాయి, మందులు ఉన్నాయి. పక్కన పెట్టింది. పెద్దల్లుడి పుస్తకం తీసింది. భూతద్దం మొదటి వరస మీద ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కుర్చీ చేతి మీదున్న పాత పుస్తకం తీసి దాని పక్కన పెట్టుకుంది.

"మూతలేవీ నాయనా?"

"తీసేశానత్తయ్యా. ఎన్నాళ్ళని మోస్తాం?"

"ఈ బ్యాటరీలు, మందులు, అద్దాలు, ఇవి మూడూ కలిపి నీ సంచిలో పావు వంతున్నాయి కదా?"

"ఉన్నాయత్తయ్యా."

"ఎప్పుడు కొన్నావు?"

నాతో ఇక్కడిదాకా చెప్పి ఆయన నడక ఆపేశాడు. పార్కు గోడ పక్కన నిలబడి మూత చేత్తో పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. ఆ రోజు గదిలో అవతల తోడల్లుడు వింటున్నాడు, మరదలు వింటోంది, తన భార్య అద్దాల గుడ్డతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ తల ఎత్తింది. "ఆఖరి వారంలో" అని ఉంటే పోయేది. నోటికి ఆ మాట రాలేదు.

"మూణ్ణెల్ల మొదట్లోనే కొన్నానత్తయ్యా," అన్నాడు.

ఆవిడ వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసుకుంది. గొంతు పెంచలేదు. "టీవీలో చెప్పారు, మూడూ నలభై దాకా పెరిగాయని. పావు వంతు సంచి అంత పెరిగితే, మిగిలింది కదలకుండా కూర్చున్నా మొత్తం మీద ఏడో ఎనిమిదో రావాలి. నువ్వు రెండంటున్నావు."

"మిగతావి తగ్గాయత్తయ్యా."

"మిగతావి నీ పాత పుస్తకంలోవే కదా. అవీ కాస్తో కూస్తో పెరిగాయే."

ఆవిడ చిన్నల్లుడి వైపు తిరిగింది. "నువ్వెప్పుడు కొన్నావయ్యా బ్యాటరీలు?"

"నెలాఖరుకు నాలుగు రోజుల ముందు అత్తయ్యా," అన్నాడు అతను పళ్ళు కుట్టుకుంటూ. "పుస్తకం కోసం. పెళ్ళిచూపులకు ఎరువు నగ పెట్టుకున్నట్టు. వచ్చే నెలలో ఉంటుందో లేదో కూడా తెలియదు."

"సిగ్గులేదూ?"

"ఉంటే ఈ ఉద్యోగానికి ఎందుకు వస్తానత్తయ్యా?"

ఆవిడ నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేటంత నవ్వింది. కళ్ళద్దాల పెట్టె తీసి అతని పుస్తకం మీద పెట్టింది.

వారం తిరక్కుండానే తాబేలు ఆఫీసుకు ఒక కాగితం వచ్చింది. అత్తగారి సంతకం, గుండ్రంగా, ఆసుపత్రి రిజిస్టర్లలో పెట్టినట్టే. ఈయన దగ్గరున్న సగం డబ్బూ తీసుకుని అటు వేసేసింది. ఆయన మూడు రోజులు నడకకు రాలేదు. నాలుగో రోజు వచ్చి మొదటి చుట్టులోనే మొదలుపెట్టాడు.

"అతనూ అదే పని చేశాడండీ! ఏళ్ళ తరబడి చేస్తున్నాడు. నేను ఒక్కసారి చేశాను. అతనికి డబ్బు, నాకు ఈ మొహం." మళ్ళీ తనే అన్నాడు. "అతని డబ్బు మీద ఏడ్చాను, జుట్టు మీద ఏడ్చాను. ఇప్పుడు ఆ మాట మీద ఏడుస్తున్నాను. నాలుగు రోజుల ముందు అత్తయ్యా అని ఎంత తేలిగ్గా అన్నాడో! ఆ తేలిక నాకెందుకు లేదండీ?"

ఆవిడనే అడగమన్నాను.

పది రోజులు తటపటాయించి ఒక ఉదయం ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళేలా చెప్పి, ఒక్కడే అత్తగారింటికి వెళ్ళాడు. ఆవిడ బీరువా అరలు సర్దుకుంటోంది. ఆయన నిలబడే చెప్పాడు. "అత్తయ్యా, ఆ మూడూ ఆఖరి వారంలో కొన్నాను. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు నాయనా. కూర్చో," అంది ఆవిడ తువ్వాళ్ళు మడతపెట్టడం ఆపకుండా. "మా ఆసుపత్రిలో నలభై దుప్పట్లు ఉండేవి, విడిగా తాళం వేసిన బీరువాలో. తెల్లగా మల్లెపూవుల్లా ఉండేవి. వాటి మీద ఏ రోగీ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. తనిఖీ రోజు పొద్దున పరిచేవాళ్ళం, సాయంత్రం తీసేసేవాళ్ళం. తనిఖీ దుప్పట్లు అని వాటి పేరు. పరిచింది ఎవరనుకున్నావు? నేనే."

"అలాగైతే నన్నెందుకు…"

"విను. వాడే దుప్పటి మెత్తబడి మంచానికి అతుక్కుంటుంది. తనిఖీ దుప్పటికి మడతల గీతలుంటాయి, పరిచాక కూడా నాలుగు గళ్ళుగా కనిపిస్తాయి. చూసేవాళ్ళకు తెలుస్తుంది. తెలిసినా ఊరుకుంటారు. ఒకసారి తనిఖీకి వచ్చినావిడ నన్ను పక్కకు పిలిచి, ఇవి రోజూ వేస్తారా అమ్మా అని అడిగింది. మెల్లగా అడిగింది, నా మీద నమ్మకంతో. కాదు అని ఉంటే కొత్త దుప్పట్లు మంజూరు చేసేదేమో. అవునండీ అన్నాను. ముప్పై ఏళ్ళయింది. ఆ మాట ఇంకా ఇక్కడ అడ్డం పడి ఉంది." గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "పరిచావని కాదు నాయనా. అడిగాను కదా నిన్ను."

ఆయన తల వంచుకున్నాడు.

"నిజం చెప్పనా? మొత్తం నీ దగ్గరే వేద్దామనుకున్నాను. ఎప్పుడు చూసినా అవే మూతలు, అవే పేర్లు. బోరు కొట్టేది గాని, మెత్తబడ్డ దుప్పటిలా ఉండేది."

"ఇప్పుడు వేయొచ్చు కదత్తయ్యా?" అనేశాడట. అన్నాక తనకే సిగ్గేసిందట.

"ఇప్పుడు వేస్తే ఏడ్చావని వేసినట్టుంటుంది," అంది ఆవిడ. "నీ పుస్తకం పంపుతూ ఉండు. డబ్బు లేకపోయినా చదువుతాను." తువ్వాళ్ళు అరలో పెట్టబోతూ అడుగున పరిచిన కాగితం సర్దింది. అది ఆయన ముస్తాబు పుస్తకం నడిమి పేజీ. బ్యాటరీల పేరు పైకే ఉంది.

ఆ రోజు ఆఫీసుకు వెళ్ళగానే డీలరమ్మకు చీటీ ఇచ్చాడు. ఆవిడ చదివి, "వచ్చేస్తోందా సార్ కాపురానికి?" అంది. అంతకు మించి ఏమీ అనలేదు, అది ఆవిడ మంచితనం. మూతలు వెనక్కి కొనడానికి నెల పట్టింది. అమ్మేవాళ్ళే లేరు. ఆయన కొన్నకొద్దీ ధర పైకి పాకింది. అమ్మినదానికన్నా పదహారు శాతం ఎక్కువ పోసి, పోయినన్ని కూడా తెచ్చుకోలేకపోయాడు. ఆ నష్టం ఆయన సంచిలో డబ్బు వేసినవాళ్ళ మీద పడింది. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన తోడల్లుడి పేరు ఎత్తలేదు. "అది నేను చేసింది," అన్నాడు.

మూడు నెలలయ్యాక మళ్ళీ పుస్తకాలు, మళ్ళీ ఆదివారం. ఆవిడకు ఈయన ఫండులో పైసా లేదు, అయినా రెండు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకుంది. చిన్నల్లుడిది చదువుతూ మధ్యలో ఆగి, పైకి చదివింది. "ఆరోది, మూతల కంపెనీ."

తాబేలు లేచి నిలబడ్డాడట. "ఎక్కడిది? ఎప్పుడు కొన్నావు?"

తోడల్లుడి ముఖం ఎర్రబడింది. అతని ముఖం ఎర్రబడడం ఆయన అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. "కిందటిసారి ముస్తాబు వారంలో అన్నయ్యా. అందరూ తళుకులు కొంటుంటే అది ఉన్నట్టుండి పడింది. పడింది కదా అని పట్టేశాను. అమ్మేది మీరని నాకు తెలియదు, ఒట్టు."

"అప్పటి పుస్తకంలో లేదే?"

"పదకొండో స్థానంలో ఉంచాను. పుస్తకంలో పదే కదా పడేది. మీరు చూస్తే నవ్వుతారని. ఆరేళ్ళ నుంచీ దాన్ని మీ పుస్తకంలో చూస్తున్నాను. ఆయన ఎందుకు వదలడం లేదు, ఆయనకు ఏం కనిపిస్తోంది, నాకెందుకు కనిపించడం లేదు అని కుళ్ళిపోయేవాణ్ణి. మీలాగా ఒకదాన్ని పట్టుకుని కూర్చునే దమ్ము నాకు లేదన్నయ్యా."

"నా పుస్తకం నువ్వు చదువుతావా?"

"మొదటి నుంచీ."

మరదలు ఇక ఆపుకోలేకపోయింది. "ఎక్కడ చదువుతారో అడగండి బావగారూ! గంటసేపు బాత్రూం ఖాళీ ఉండదు మా ఇంట్లో."

అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారట. అత్తగారు రెండు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కళ్ళద్దాలు ముక్కు మీదే ఉంచుకుంది. ఖాళీ పెట్టెను మూసి కిటికీలో పెట్టేసింది.

ఇదంతా మర్నాడు ఉదయం ఆయన నాకు చెప్పాడు. బాగా నవ్వాను. ఆయనా నవ్వాడు. ఇన్నేళ్ళ బరువు దిగి ఉంటుంది, ఇక మూడో చుట్టులో మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదేమో అనుకున్నాను. గేటు దగ్గరికి వచ్చాక ఆయన జేబులోంచి మూత తీశాడు. రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు.

"అతని పుస్తకంలో అది ఆరోది," అన్నాడు. "నాదాంట్లో ఇప్పుడు తొమ్మిదోది. చూశారా?"

మూత బిగించుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.